తెరచిన తలుపు

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 23:9, మత్తయి 5:9, అపొస్తలుల కార్యములు 16:19–40



మోషే ధర్మశాస్త్రములో చిన్న ఆజ్ఞ ఒకటి కలదు. పది ఆజ్ఞలవలె దానిని మన పిల్లలు కంఠపాఠము చేయరు. మన మందిరముల గోడలమీద అది వ్రాయబడి కనబడదు. పరదేశిని బాధపెట్టకూడదని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించి, అంతటితో విడువక, కారణమును కూడ తెలియజేసెను. పరాయిచోట దిక్కులేక బ్రతుకుట యెట్టిదో ఆ జనులకు ఎవరును నేర్పనక్కరలేదు. ఐగుప్తులో ఇటుకలు చేసిన చేతులు వారివి. ఆ అనుభవమునే దేవుడు వారి యెదుట పెట్టి, దానినిబట్టి పరదేశిని చూడవలెనని సెలవిచ్చెను.

ఇక్కడ మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఐగుప్తును మరచిపొమ్మని దేవుడు వారితో చెప్పలేదు. పస్కాపండుగను నియమించి, ఏటేట దానిని జ్ఞాపకము చేసికొమ్మనెను. అయితే పగ తీర్చుకొనుటకై జ్ఞాపకము చేసికొమ్మనలేదు. ఐగుప్తీయుని సహా ద్వేషింపరాదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఉన్నది. మరి ఆ జ్ఞాపకము దేనికి? తమ వాకిట నిలిచిన నిరాశ్రయుని ముఖములో తమ పితరుల ముఖమును గుర్తుపట్టుటకే గదా!

మనుష్యుడు పడిన బాధ అతనిలో ఊరక పడియుండదు. అది రెండింటిలో ఒకటిగా మారును. పగగానైన మారును, తలుపుగానైన మారును. పగగా మారినయెడల తండ్రినుండి కొడుకునకు ఆస్తివలె దిగును. తలుపుగా మారినయెడల బాధపడుచున్న మరియొకడు దానిగుండ లోపలికి వచ్చి బ్రతుకును. ఈ నెల మనము ధ్యానింపగోరు సంగతి ఇదియే.

లోకపు స్థితి మనకు తెలియనిది కాదు. 2022 లో రష్యా సైన్యము యుక్రెయిన్ దేశముమీద పడినది మొదలు ఎన్ని కుటుంబములు మూట నెత్తిన పెట్టుకొని సరిహద్దులు దాటెనో విన్నాము. మన దేశములోనే మణిపురములో 2023 మే నెలలో చెలరేగిన కల్లోలమునందు ఇండ్లు కాలిపోయెను, ప్రార్థనా మందిరములు కాలిపోయెను, వేలకొలది జనులు శిబిరముల పాలైరి. ఇట్టి వార్తలు విని మనము నిట్టూర్పు విడిచి, సమాధానము కలుగునుగాక అని ప్రార్థించుచున్నాము. అట్లు ప్రార్థించుట మంచిదే. అయితే ప్రార్థించి లేచిన తరువాత మన చేతులు ఏమి చేయవలెను?

మన ప్రభువు కొండమీద కూర్చుండి ధన్యులెవరో చెప్పినప్పుడు, సమాధానమును కోరువారిని గూర్చి మాటలాడలేదు. సమాధానము కోరనివాడెవడు? యుద్ధము చేయు రాజు సహా తాను సమాధానము కొరకే చేయుచున్నాననును. వీధిలో తగవు జరుగుచుండగా గడియ వేసికొని లోపల పడుకొనువాడును సమాధానమునే కోరుచున్నాడు. ప్రభువు ధన్యులన్నది సమాధానమును కలుగజేయువారిని. దేవుని కుమారులను పేరు వారికే దక్కెను. ఈ భేదమును రైతు బాగుగా గ్రహింపగలడు. పంట కోరువాడు వేరు, పంట పండించువాడు వేరు. పండించువాడు ఎండలో దుక్కి దున్నవలెను, విత్తవలెను, నీరు పెట్టవలెను, కలుపు తీయవలెను. సమాధానమును ఒక సేద్యమే. యాకోబు భక్తుడు తన పత్రిక 3వ అధ్యాయములో దానిని విత్తువారినిగూర్చియే చెప్పుచున్నాడు.

ఇట్టి సేద్యము చేసిన ఒక పల్లె సంఘమును గూర్చి ఇప్పుడు తెలిసికొందము. ఆ సంఘము మన దేశమునకు చెందినది కాదు, మన భాష మాటలాడునది కాదు. అయినను వారును మనవలెనే నేల దున్ని, పశువులను మేపుకొని, ఆదివారము మందిరమునకు నడచి వచ్చు జనులు.

ఫ్రాన్సు దేశపు దక్షిణ మధ్యభాగమున, సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున ఒక పీఠభూమి కలదు. దానిమీద ల షాంబో సూర్ లిన్యో అను ఊరున్నది. మనము దానిని షాంబో అని పిలిచెదము. అక్కడ చలికాలము దీర్ఘమైనది. మంచు పడి దారులు మూసికొనిపోవును. ఫ్రాన్సులో క్రైస్తవులలో అధికులు రోమను కతోలికులు. ఈ పీఠభూమిమీద మాత్రము ప్రొటెస్టెంటులే యెక్కువ.

వీరి పితరులు శ్రమ యెరిగినవారు. ప్రొటెస్టెంటులు తమ విశ్వాసముచొప్పున నడచుకొనుటకు 1598 లో ఫ్రాన్సు రాజు ఒక శాసనము నిచ్చియుండెను. 1685 లో పదునాలుగవ లూయీ రాజు దానిని కొట్టివేసెను. మందిరములు కూల్చబడెను. పాదిరులు దేశము విడిచిపోవలెనని ఆజ్ఞ పుట్టెను. పోక నిలిచి రహస్యముగా బోధించినవారిలో కొందరు ఉరితీయబడిరి. పురుషులు గొలుసులతో కట్టబడి రాజుగారి ఓడలలో తెడ్లు వేయుటకు పంపబడిరి. స్త్రీలు చెరసాలలో పెట్టబడిరి. విశ్వాసులు అడవులలోను కొండలోయలలోను చాటుగా కూడి ఆరాధించిరి. ఇట్లు నూరేండ్లు గడిచెను. షాంబో ఇండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పుకొను కథలు ఇవియే.

1934 లో ఆంద్రె ట్రోక్మే అను పాదిరిగారు ఆ సంఘమునకు వచ్చిరి. ఆయన 1901 లో పుట్టెను. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి జర్మనీ దేశస్థురాలు. మొదటి ప్రపంచయుద్ధములో ఆయన పుట్టిన ఊరు జర్మను సైన్యము వశమాయెను. తండ్రి దేశమును తల్లి దేశమును ఒకదానినొకటి చంపుకొనుటను ఆ బాలుడు కన్నులార చూచెను. అప్పుడు ఆయుధము ధరింపనొల్లని ఒక జర్మను సైనికునితో పరిచయము కలుగగా, శత్రువని పిలువబడువానిలో సహోదరుని కనుగొనెను. షాంబోలో ఆయన మందిరపు ద్వారము పైన, శిష్యులు ఒకరినొకరు ప్రేమింపవలెనను ప్రభువు ఆజ్ఞ చెక్కబడియుండెను. ఆ ద్వారముక్రింద నడచిన జనులు ఆ ఆజ్ఞను ఎట్లు గైకొనిరో చూడుడి.

1940 జూన్ 22న ఫ్రాన్సు ఓడిపోయి జర్మనీతో ఒడంబడికమీద సంతకము చేసెను. మరునాడు ఆదివారము. దేశమంతయు భయముతోను సిగ్గుతోను నిండియున్న దినమది. ట్రోక్మేగారును తోడి పాదిరియైన ఎడ్వార్డ్ తేస్‌గారును తమ సంఘమునకు ఒక సందేశమిచ్చిరి. క్రైస్తవులకు ఆత్మసంబంధమైన ఆయుధములే తగినవనియు, సువార్తకు విరోధమైన ఆజ్ఞ వచ్చినప్పుడు దానికి లోబడక నిలువవలెననియు, అయితే ఆ నిలుచుటలో భయముగాని గర్వముగాని ద్వేషముగాని ఉండరాదనియు వారు బోధించిరి.

ఆ వచ్చిన చలికాలములో జర్మనీనుండి పారిపోయి వచ్చిన యూదు స్త్రీ యొకతె పాదిరిగారి యింటి తలుపు తట్టెను. పాదిరిగారి భార్య మాగ్దాగారు ఆమెను లోపలికి పిలిచి, మంచులో తడిసిన చెప్పులు ఆరబెట్టించి, భోజనము పెట్టిరి. తరువాత ఆమెకు కాగితములు సంపాదింపవలెనని ఊరి పెద్దయొద్దకు వెళ్లగా, ఆయన, పరదేశిని తెచ్చి ఊరిమీదికి ఆపద తేవలదు, ఆమెను పంపివేయుడనెను. ఆ మొదటి అతిథి అక్కడ నిలువలేక వెళ్లవలసి వచ్చెను. మొదటి విత్తనము అట్లు పోయినట్టే కనబడెను. అయినను మాగ్దాగారు తలుపు మూయలేదు. మరియొకరు వచ్చిరి, వారి వెనుక ఇంకొకరు వచ్చిరి. పొరుగువారి తలుపులు తెరచుకొనెను. కొండమీది రైతుల ఇండ్లలోను, పశువుల కొట్టములపై అటకలమీదను, పిల్లల వసతిగృహములలోను చోటు కలిగెను. యుద్ధము ముగియులోగా ఆ పీఠభూమిలో ఆశ్రయము పొందినవారు వేలకొలదిగా నుండిరి. వారిలో పిల్లలు అనేకులు. ఆ చుట్టుపట్ల ఊళ్లవారును, కతోలికులును ఈ పనిలో పాలుపుచ్చుకొనిరి. ఆశ్రయమిచ్చినవారు ధనికులు కారు. తమ పిల్లలకు పెట్టు రొట్టెను, బంగాళదుంపలను ఇంకొక భాగము చేసిరి, అంతే.

1942 జూలై 16, 17 తేదీలలో పారిసు పట్టణములో ఫ్రెంచి పోలీసులే సుమారు 13,000 మంది యూదులను పట్టుకొని జర్మనుల కప్పగించుటకు చెరపెట్టిరి. మరుసటి నెలలో ప్రభుత్వపు మంత్రి యొకరు షాంబోకు వచ్చినప్పుడు, అక్కడి పాఠశాల విద్యార్థులు ఆయన చేతికి ఒక ఉత్తరము నిచ్చిరి. తమ మధ్య యూదులున్నారనియు, యూదుడు యూదుడు కానివాడను భేదము తమకు లేదనియు, వారిని పట్టుకొనజూచినయెడల దాచెదమనియు అందులో స్పష్టముగా వ్రాసిరి. కొద్ది దినములకు పోలీసులు బస్సులతో వచ్చి దిగిరి. యూదుల పేర్ల పట్టీ ఇమ్మని ట్రోక్మేగారిని అడిగిరి. ఆయన ఇయ్యననెను. ఎన్నో దినములు ఇల్లిల్లు వెదకినను వారికి దొరికినవారు మిక్కిలి కొద్దిమందియే.

1943 ఫిబ్రవరి 13న పోలీసులు ట్రోక్మేగారిని బంధించుటకు వచ్చిరి. ఆయన ఇంట లేనందున వారు కాచుకొని కూర్చుండిరి. తరువాత భోజనపు వేళ కాగా మాగ్దాగారు ఆ పోలీసులకును వడ్డించిరి! ఆకలిగొన్న శత్రువును గూర్చి పౌలు భక్తుడు రోమా సంఘమునకు వ్రాసినది ఆ రాత్రి ఆ బల్లయొద్ద నెరవేరెను. వార్త తెలిసి ఊరివారు ఒక్కొక్కరుగా వచ్చి, తమ ఇండ్లలో దాచుకొన్న వస్తువులను పాదిరిగారి చేతిలో పెట్టిరి. ఆయన వీధిలో నడచిపోవుచుండగా ఇరుప్రక్కల నిలిచి కీర్తన పాడిరి. ఎవడును రాయి విసరలేదు. ట్రోక్మేగారును తేస్‌గారును పాఠశాల ప్రధానోపాధ్యాయుడును సుమారు నెలదినములు నిర్బంధ శిబిరములో ఉంచబడిరి. ప్రభుత్వాధిపతి ఆజ్ఞలకు లోబడెదమని వ్రాసి సంతకము చేసినచో విడిచెదమని అధికారులు చెప్పగా, పాదిరులిద్దరును చేయమనిరి. అయినను కొద్ది కాలములోనే వారు విడువబడిరి.

ఈ కథలో నష్టము లేదని తలంచవద్దు. పాదిరిగారి బంధువు డానియెల్ ట్రోక్మే అను యువకుడు విద్యార్థుల వసతిగృహమును చూచుకొనుచుండెను. 1943 జూన్ 29న జర్మను పోలీసులు దానిమీద పడి విద్యార్థులను పట్టుకొనిరి. డానియెల్‌గారు తప్పించుకొని పోవుటకు ఇష్టపడక, తన పిల్లలతోనే ఉండెను. 1944 ఏప్రిల్ నెలలో పోలండు దేశములోని మైదానెక్ అను మరణశిబిరములో ఆయన చనిపోయెను. పట్టుకొనబడిన విద్యార్థులలో అనేకులు తిరిగి రాలేదు. తలుపు తెరచువాడు వెల ఇయ్యవలసి వచ్చునని మనము మరువరాదు. సమాధానకర్తయైన మన ప్రభువు సహా తన రక్తమిచ్చి సమాధానము చేసెనుగదా!

1990 లో యెరూషలేములోని యాద్ వాషెమ్ అను స్మారక సంస్థ షాంబోవారిని, చుట్టుపట్ల ఊళ్లవారిని కలిపి, యూదులను కాపాడిన నీతిమంతులుగా గౌరవించెను. ఆ ఊరి పెద్దలను తరువాత అనేకులు ప్రశ్నించిరి: ఎందుకిట్లు చేసితిరి? అడుగవలసిన మాటయే ఇది అని వారికి తోచలేదు. ఆకలితో వచ్చినవారికి ఇంకేమి చేయుదుమన్నట్టు వారు చూచిరి.

ప్రియులారా, ఈ సంఘమునుండి మనము నేర్చుకొనవలసిన సంగతులు మూడు.

మొదటిది, వారు తమ పితరుల శ్రమను పగగా మార్చుకొనలేదు. కతోలికులు తమ పితరులను బాధించిరి గనుక వారితో పొత్తు వలదని చెప్పవచ్చును, చెప్పలేదు. మా కష్టము మాకు చాలును, యూదుల కష్టము మాకెందుకని చెప్పవచ్చును, చెప్పలేదు. దాగి బ్రతికినవారి మనుమలు గనుక, దాచవలసినవారు వచ్చినప్పుడు వెంటనే గుర్తుపట్టిరి.

రెండవది, ఆపద దినమున కనబడిన ధైర్యము ఆ దినమున పుట్టలేదు. ట్రోక్మేగారు యుద్ధమునకు ముందునుండియే సంఘములోని యౌవనస్థులను చిన్న గుంపులుగా కూర్చి వాక్యధ్యానము చేయించుచుండెను. మంచిలో మేలు చేయుటకు వాడుకపడిన ఇల్లు చెడ్డ దినమున తలుపు తెరచెను. కరవు వచ్చినప్పుడు చెరువు త్రవ్వుట మొదలుపెట్టిన రైతును మనము చూచి నవ్వుదుము. అలాగే తగవు ముదిరి కత్తులు పైకి వచ్చిన దినమున సమాధానమును వెదకువాడు ఆలస్యము చేసినవాడే.

మూడవది, చెడుకు కాదని చెప్పుటయు, చెడు చేయువానికి అన్నము పెట్టుటయు ఒకే యింటిలో జరిగెను. పట్టీ ఇయ్యనన్న నోరును, పోలీసులకు వడ్డించిన చేయియు ఒకే సంసారమువి. లోకము ఈ రెంటిని విడదీయును. లోబడువాడు మంచివాడనును, ఎదిరించువాడు పగవాడనును. సువార్త ఈ రెంటిని ఒకటిగా కూర్చి, ద్వేషము లేక ఎదిరించుటను మనకు నేర్పుచున్నది.

ఈ మూడవ సంగతిని గూర్చి మన చదువరులలో కొందరికి కలుగు సందేహమును మనము దాటిపోకూడదు. సమాధానము, సమాధానమని సంఘములో బోధించుట సులభము. అయితే తరతరములుగా దెబ్బలు తిన్నవారితో, మరియొక చెంప చూపుమని చెప్పుట న్యాయమా అని వారడుగుదురు. ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. 1985 జూలై నెలలో, నాటి ప్రకాశము జిల్లా కారంచేడులో, మాదిగపల్లెవారు త్రాగు నీటి చెరువునొద్ద మాట పుట్టి, మరునాడు జూలై 17న పల్లెమీద దాడి జరిగి, ఆరుగురు చంపబడిరి. మిగిలినవారు ఇండ్లు విడిచి చీరాలకు పరుగెత్తిరి. త్రాగు నీరు మురికి చేయవలదని అడిగినందుకు కలిగిన ఫలమిది. అట్టివారితో, ఊరకుండుడి, ఊరకుండుటయే క్రైస్తవ ధర్మమని చెప్పువాడు ప్రభువు మాట చెప్పుటలేదు. గాయమును పైపైన మాన్పి, క్షేమము లేనప్పుడు క్షేమమున్నదని చెప్పిన ప్రవక్తలను యిర్మీయా గద్దించెను.

మన ప్రభువును చూడుడి. ప్రధానయాజకుని యెదుట ఒక బంట్రౌతు ఆయనను కొట్టెను. ఆయన తిరిగి కొట్టలేదు. అయితే ఊరకుండనులేదు. నేను తప్పుగా మాటలాడినచో ఆ తప్పు చూపుము, లేనిచో ఎందుకు కొట్టితివని భావమువచ్చునట్లు అడిగెను. చేయి ఎత్తలేదు; న్యాయమును విడువలేదు.

ఫిలిప్పీ పట్టణములో పౌలును చూడుడి. ఆయనను సీలను విచారణ లేకుండ బహిరంగముగా బెత్తములతో కొట్టి చెరలో వేసిరి. అర్ధరాత్రి భూమి కంపించి తలుపులన్నియు తెరచుకొనెను. ఖైదీలు పారిపోయిరని తలంచి చెరసాల నాయకుడు తన్ను తాను చంపుకొనబోగా, పౌలు బిగ్గరగా కేక వేసి ఆపెను. తన కాళ్లను బొండలో బిగించినవాని ప్రాణమును రక్షించెను. తెల్లవారిన తరువాత అధికారులు, చప్పుడు లేకుండ పొమ్మని వర్తమానము పంపిరి. అప్పుడదే పౌలు కదలననెను. విచారింపక కొట్టించినవారు తామే వచ్చి మమ్మును వెలుపలికి తీసికొని పోవలెననెను. వారు వచ్చి బ్రతిమాలుకొనిరి. రాత్రి శత్రువును బ్రతికించిన నోటితోనే ఉదయమున న్యాయమును అడిగెను. ఈ రెండును ఒకే అధ్యాయములో ఉన్నవి. మనము ఒకదానిని చదివి మరియొకదానిని విడువరాదు.

కాబట్టి పోలీసు ఠాణాకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చుట పగ కాదు. న్యాయస్థానములో సాక్ష్యము చెప్పుట హింస కాదు. కారంచేడు కేసు సంవత్సరముల తరబడి సాగి 2008 లో సుప్రీంకోర్టు తీర్పు వరకు వెళ్లెను. ఇరువది మూడేండ్లు న్యాయము కొరకు కనిపెట్టుటయు ఒక ఓర్పే. షెడ్యూల్డు కులములవారిమీదను తెగలవారిమీదను జరుగు అత్యాచారములను నిరోధించు చట్టమును 1989 లో మన పార్లమెంటు చేసెను. అట్టి చట్టమును ఆశ్రయించు సహోదరుని, నీవు సమాధానమును చెరుపుచున్నావని సంఘపెద్దలు నిందింపరాదు. అతనితోకూడ నడచి వెళ్లుటయే వారి పని. అతడు చేయకూడనిది ఒకటే: తన్ను కొట్టినవాని బిడ్డను కొట్టవలెనని మనస్సులో కత్తి నూరుకొనుట. ఆ కత్తి మొదట నూరువానినే కోయును.

ఇక మన ఇండ్లకు వత్తము. మన పితరులలో అనేకులు ఊరి బావినుండి నీరు తోడుకొనలేకపోయిరి. ఊరి వెలుపల బ్రతికిరి. బడి వసారా వెలుపల నిలిచి చదువు విన్నవారున్నారు. సువార్త వచ్చి వారిని బిడ్డలని పిలిచెను. ఆ జ్ఞాపకము మనకున్నది. అది మనలో ఏమిగా మారినది?

మాలలమని మాదిగలమని మందిరములో సహా వేరు వేరుగా కూర్చుండు సంఘములు మనలో లేవని చెప్పగలమా? ఒక పేటవారు కట్టిన మందిరములో మరియొక పేటవాడు సంఘపెద్దగా ఎన్నుకొనబడినయెడల, ఆ దినమే సంఘము చీలిపోవుట మనము చూడలేదా? వెలివేయబడినవారి మనుమలు ఒకరినొకరు వెలివేసికొనుట కంటె విచారకరమైనది ఏమున్నది! ఐగుప్తును దాటి వచ్చి అరణ్యములో చిన్న ఐగుప్తును కట్టుకొనుట ఇదియే.

వరికోతలకు, మిరపకోతలకు దూరదేశములనుండి వచ్చు కూలీలు గుడారములలో ఉండుటను చూచుచున్నాము. వారి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మన స్త్రీల సమాజమువారు వెళ్లి చూచిరా? కులము కాని కులములో పెండ్లి చేసికొని, ప్రాణభయముతో ఇల్లు విడిచి వచ్చిన పడుచువారు మన వీధిలో అద్దెకు ఇల్లు అడిగినప్పుడు, మనము గడియ తీసితిమా, బిగించితిమా? గట్టు జరిపినాడని, కాలువ నీటి వంతు తప్పించినాడని, ఆస్తి పంపకములో మోసము చేసినాడని, పదేండ్లుగా అన్నతో తమ్ముడు మాటలాడక, ఇద్దరును ఒకే ఆదివారము ప్రభువు బల్లయొద్దకు వచ్చుట లేదా? అర్పణము బలిపీఠమునొద్ద విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన మాట వారికి చదివి వినిపించుటకు పెద్దలకు ధైర్యము చాలుటలేదు.

మరియొక సంగతి. పూర్వము అబద్ధపు వార్త ఒక ఊరినుండి ఇంకొక ఊరికి వచ్చుటకు ఒక దినము పట్టెడిది. ఇప్పుడు చేతిలోని ఫోనులోనికి క్షణములో వచ్చుచున్నది. ఫలాని కులమువారు ఇట్లన్నారు, ఫలాని మతమువారు అట్లు చేసిరని వచ్చినదానిని విచారింపక పదిమందికి పంపువాడు, ఎండుగడ్డివామి ప్రక్క నిప్పురవ్వ విసరుచున్నాడు. దానిని తన దగ్గరనే ఆపివేయువాడు, ఎవరికిని కనబడకపోయినను, ఆ దినమున సమాధానము చేసినవాడు.

అందుచేత ఈ నెల ప్రతి సంఘమువారు మూడు పనులు చేయవలెనని మేము వేడుకొనుచున్నాము. సంఘపెద్దలు కూడి, తమ సంఘములో మాటలు లేని రెండు కుటుంబములయొద్దకు కలిసి వెళ్లవలెను. ఒక్కసారి వెళ్లి తిరిగిరాక, తలుపు తెరచువరకు వెళ్లవలెను. స్త్రీల సమాజమువారు తమ ఊరిలో ఎవరును పలుకరింపని ఇల్లు ఏదో విచారించి ఆ యింటికి పోవలెను. యౌవనస్థులు వారమున కొక రాత్రి నలుగురైదుగురు కూడి కొండమీది ప్రసంగమును కొంచెము కొంచెముగా చదివి, దానిని తమ వీధిలో ఎట్లు చేయవలెనో మాటలాడుకొనవలెను. షాంబోలో జరిగినదంతయు ఇట్టి చిన్న పనులనుండియే పెరిగెను.

ఇవన్నియు చేసినను మణిపురపు మంట మనచేత ఆరదు, యుక్రెయిన్ యుద్ధము మనచేత ఆగదు అని ఒకడు చెప్పవచ్చును. నిజమే. షాంబోవారివలన హిట్లరు యుద్ధము ఆగలేదు. అయినను వారి అటకలమీద దాగిన పిల్లలు బ్రతికిరి. పెరిగి పెద్దవారై పెండ్లిండ్లు చేసికొనిరి, వారికి బిడ్డలు కలిగిరి. ఆ బిడ్డల బిడ్డలు నేడు పలు దేశములలో ఉన్నారు. ఒక తలుపు ఎంత దూరము తెరచుకొనునో దానిని తెరచినవాడు ఎరుగడు. దానిని దేవుడే యెరుగును.

మనము పరులమై, దూరస్థులమై యుండగా మనకొరకు తలుపు తెరచినవాడు ఒకడున్నాడు. ఆయన చేతులలో మేకుల గురుతులున్నవి. ఆ గాయములను చూపి ఆయన పగ కోరలేదు; వాటిని చూపి శిష్యులకు సమాధానమని చెప్పెను. మన గాయములను కూడ ఆయన చేతికి ఇత్తము. వాటిని పగ కానియ్యక తలుపు చేయుటకు ఆయన శక్తిమంతుడు.

ప్రార్థన: మా తండ్రీ, మా పితరులు పడిన శ్రమను మేము మరువకుండ చేయుము, దానిని మేము పగగా దాచుకొనకుండ చేయుము. న్యాయము కొరకు నిలుచు ధైర్యమును, కొట్టినవానికి అన్నము పెట్టు ప్రేమను మాకు ఒక్కటిగా దయచేయుము. ఈ రాత్రి మా వాకిట ఎవరు తట్టినను, గడియ తీయు చేతిని మాకిమ్ము. సమాధానకర్తయైన నీ కుమారుని నామమున అడుగుచున్నాము. ఆమేన్.